రంగు ఆరుట యనగా నేమి?

గత సంవత్సరము మా తొమ్మిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని నిర్మల్ పట్టణమునకు బోయియుంటిమి. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో జేరియుండిన యీ పట్టణము 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ మొదలు ప్రత్యేక జిల్లాకు ముఖ్యస్థానమైనది. అచ్చటి కొయ్యబొమ్మలను మన ప్రాంతమున నెరుగనివారరుదు. తేలికయైన పొణికి కఱ్ఱను జెక్కి, ముక్కలను జేర్చి, చింతగింజల పిండియు రంపపు పొట్టును గలిపిన ముద్దతో నతుకులను గప్పి, పైని తెల్లని మన్ను పూసి, తుదకు రంగులు వేయుదురు. పూర్వము ఆకులనుండియు రాళ్లనుండియు దీసిన రంగులను వాడెడివారు. ఇప్పుడు విశేషముగా డ్యూకో, ఎనామెలు రంగులను వాడుచున్నారు.

మా పిల్లలు బొమ్మలకంటె నెక్కువగా నొక విషయమును జూచి యాశ్చర్యపడిరి. ఆ పనిలో చేయి యాడు కాలముకంటె చేయి యాగియుండు కాలమే యెక్కువ. ముద్ద ఆరవలెను, మన్ను ఆరవలెను, మొదటి రంగు ఆరవలెను. అప్పుడు గాని కన్నులు, పెదవులు దిద్దరాదు. ఒక బాలుడు వృద్ధుడైన పనివానితో, “తాతా, వీనిని ఊరక యెందుకు వరుసగా నిలబెట్టినారు?” అని యడిగెను. అందుల కతడు, “ఊరక యుంచలేదు బిడ్డా! ఆరుచున్నవి. ఆరుట కూడ పనియే. దాని పని అది చేసికొనును; మనము తొందరపెట్టరాదు” అని చెప్పెను.

తిరుగు ప్రయాణమున బస్సులో నా బాలుడే నన్ను, “సార్, ఆరునప్పుడు రంగు ఏమి పని చేయును?” అని ప్రశ్నించెను. నేను వెంటనే యుత్తరము చెప్పక, ఆ ప్రశ్నను తరగతి కప్పగించితిని. ఈ వ్యాసము ఆ ప్రశ్నను బట్టి జరిగిన చిన్న ప్రయోగము యొక్క వృత్తాంతము. దీనికి గావలసిన వస్తువులు బజారులో దొరకునవే. కావున చదువు బాలబాలికలును, వారి తలిదండ్రులును దీనిని స్వయముగా జేసి చూడగలరని వ్రాయుచున్నాను.

మొట్టమొదట తరగతి యభిప్రాయము నడిగితిని. “ఆరుట యనగా తడి గాలిలోనికి బోవుట” అని యందరు నేకగ్రీవముగా జెప్పిరి. తడిసిన బట్ట తీగెపై నారునట్లే రంగును ఆరునని వారి తలంపు. అట్లయిన రంగు ఆరినకొలది బరువు తగ్గవలెను. “ఇది తూచి చూడదగిన మాట” అని నేనంటిని. తూచి చూడదగిన మాట దొరకుటయే శాస్త్రమున సగము పని.

సమానమైన యారు గాజు పలకలను దెచ్చితిమి. కొయ్యపై బూసిన జూచుటకు బాగుండును గాని, కొయ్య వాన దినములలో గాలియందలి తేమను బీల్చి, ఎండ దినములలో విడిచి, తానే బరువు మార్చుకొనును. గాజున కా గుణము లేదు. మొదటి పలకపై నేమియు బూయలేదు. రెండవదానిపై తుమ్మబంక నీటిలో గలిపిన ఎఱ్ఱజాజును, మూడవదానిపై నీటిలో గలిపిన సున్నమును, నాలుగవదానిపై డ్యూకో రంగును, ఐదవదానిపై అవిసె నూనెను, ఆరవదానిపై కొబ్బరి నూనెను పలుచగా బూసితిమి. నూనెలలో రంగుపొడి కలుపలేదు. ఏలయన నూనె మాత్రమే యేమి చేయునో చూడవలెనని మా యుద్దేశము. పలకలను కిటికీ ప్రక్క నరలో బరచి, దుమ్ము పడకుండ దోమతెర గుడ్డను గప్పితిమి. కరీంనగరు వెండితీగె పనివారు వాడునట్టి చిన్న త్రాసు, గ్రాములో నూరవ వంతును జూపునది, మా ప్రయోగశాలలో గలదు. ఇద్దరు విద్యార్థులు తూచుటకును, ఒకడు వ్రాయుటకును నియమింపబడిరి.

మొదటి దినముననే రెండు పలకలు తమ కథను ముగించినవి. డ్యూకో పూసిన పలక అన్నిటికంటె ముందుగా నారెను. దాని ఘాటైన వాసన గదియంతయు వ్యాపించెను. అనగా ద్రావకము గాలిలో గలియుచున్నదని త్రాసు కంటె ముందుగా ముక్కే చెప్పెను. జాజు పూసిన పలకయు త్వరగా బరువు తగ్గి, సాయంకాలమున కొక లెక్కకు వచ్చి నిలిచెను. తరగతి సంతోషించెను. తమ మాట నిజమాయెనని వారు చేతులు చరచిరి.

మూడవ దినమున వ్రాయు బాలుడు పుస్తకమును బట్టుకొని నాయొద్దకు వచ్చి, మెల్లగా, “సార్, ఐదవ పలక లెక్క తప్పినది. కొట్టివేసి సరిచేయవచ్చునా?” అని యడిగెను. చూడగా అవిసె నూనె పలక బరువు తగ్గుటకు మారుగా కొంచెము పెరిగియుండెను. మరునాడు మరికొంత పెరిగెను. తూచినవారు త్రాసు చెడినదనిరి. ఇంకొకడు దుమ్ము పడినదనెను. వ్రాసిన బాలుడు మాత్రము, లోకమున కెల్ల దెలిసిన సంగతికి విరుద్ధముగా తన చేతివ్రాత కనబడుచుండుటకు సిగ్గుపడుచుండెను.

ఈ సమయముననే ప్రయోగము యొక్క విలువ తేలును. పుస్తకములోని యంకెను మన నమ్మకమునకు సరిపడునట్లు దిద్దినచో, ఆ దినము మొదలు మనము చూచుట మానివేసితిమన్నమాట. అట్లని త్రాసు చెప్పినదెల్ల నమ్మవలెననియు గాదు; త్రాసును గూడ ప్రశ్నింపవలెను. కావున నేను, “కొట్టివేయకుము. త్రాసు చెడినదో లేదో ఏ పలక చెప్పగలదు?” అని యడిగితిని. కొంతసేపటికి వెనుక వరుసలోని బాలిక లేచి, “ఏమియు బూయని పలక, సార్!” అనెను. దానిని దూచిరి. మొదటి దినమెంత యుండెనో అంతయే యుండెను. కాబట్టి త్రాసు నిర్దోషి. ఇక దుమ్ము మాట మిగిలెను. అందుల కామెయే, “దుమ్మైనచో కొబ్బరి నూనె పలకకును అంటుకొనవలెను గదా? అది యింకను తడిగా నున్నది” అనెను. ఆరవ పలకను దూచిరి. దాని బరువులో మార్పు లేదు. ఎప్పటికిని తడియారక దుమ్మును బట్టుకొనదగిన పలక పెరుగకుండగా, గట్టిపడుచున్న పలక మాత్రమే పెరుగుచుండెను. ఇప్పుడు తరగతిలో నిశ్శబ్దము గలిగెను. అవిసె నూనె గాలికి దేనిని నిచ్చుట లేదు. గాలినుండి దేనినో తీసికొనుచున్నది.

అది తీసికొనుచున్నది ప్రాణవాయువు, అనగా ఆక్సిజను. నూనెల యణువులు పొడవైన గొలుసులవంటివి. అవిసె నూనెలో లినోలెనికు ఆమ్లము మొదలగు భాగములు విశేషముగా నుండును. ఆ గొలుసులందు ద్వంద్వ బంధములను తావులు గలవు. ప్రాణవాయు వాతావులయొద్ద జేరి, ఒక గొలుసును మఱియొక గొలుసుతో ముడివేయును. వేలకొలది ముడులు పడగా ద్రవముగా నుండినది వలవలె నల్లుకొని గట్టి పొరయగును. చేరిన ప్రాణవాయువు బరువే త్రాసులో గనబడెను. పలుచని అవిసె నూనె పొర యీ విధముగా తన బరువులో సుమారు పదవ వంతు, ఒక్కొక్కప్పు డంతకు మించియు, పెరుగగలదు. కొబ్బరి నూనెలో నూటికి దాదాపు తొంబది పాళ్లు ద్వంద్వ బంధములు లేని గొలుసులే. ముడివేయుటకు చోటు లేనందున నది యారదు. దీపపు గూటిలో జారిన కొబ్బరి నూనె యెన్నినాళ్లైనను జిడ్డుగానే యుండుట మీరందరు జూచియే యుందురు.

ఇట్లు ఆరెడు నూనెలను మనుష్యులు బహుకాలము క్రిందటనే గుర్తించిరి. ఆఫ్గనిస్థానమందలి బామియాన్ గుహలలో 7వ శతాబ్దము నాటి గోడచిత్రములందు ఆరెడు జాతి నూనెలు వాడబడినట్లు 2008వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వాడినవారికి ప్రాణవాయువు పేరు తెలియదు; ఏ నూనె యారునో, ఏది ఆరదో మాత్రము చక్కగా దెలియును. వస్తువు గాలితో గలిసి బరువు పెరుగునను సంగతిని త్రాసుతో దృఢముగా జూపినవాడు ఫ్రాన్సు దేశీయుడైన లావోసియే. గంధకమును భాస్వరమును గాలునపుడు బరువు పెరుగుచున్నవని యతడు 1772వ సంవత్సరమున గనుగొనెను. మా తరగతి బాలునివలె నతని కాలమువారును, కాలుటయనగా వస్తువునుండి యేదో వెడలిపోవుటయే యని నమ్మియుండిరి. అతడు అంకెను గొట్టివేయలేదు.

మూడవ పలకయైన సున్నపు పలక రెండు విధములను గలిపి చూపినది. మొదటి దినమున నీరు పోయి బరువు తగ్గెను. తరువాత కొన్ని వారములలో మెల్లమెల్లగా బరువు పెరుగసాగెను. ఇచ్చట చేరినది ప్రాణవాయువు గాదు. మనము విడుచు నూపిరిలో నుండు బొగ్గుపులుసు వాయువు. తడిసున్నము దానిని గ్రహించి సుద్దరాతి జాతికి మారును. 74 పాళ్ల తడిసున్నము పూర్తిగా మారినచో 100 పాళ్ల సుద్దయగును. దీనిని నిమ్మరసముతో బరీక్షించితిమి. మొదటి దినమున ఒక మూలనుండి గీకిన సున్నముపై నిమ్మరసపు చుక్క వేయగా నురుగు రాలేదు. నెల దాటిన పిమ్మట గీకిన పొడిపై వేయగా సన్నని బుడగలు లేచెను. దాగియున్న బొగ్గుపులుసు వాయువే యట్లు బయలుపడెను.

ఈ మార్పునకు కొంచెము తేమ యుండవలెను. అందుచేతనే మండుటెండలో వేసిన వెల్ల శీఘ్రముగా నెండి, మారుటకు వ్యవధి లేక, ఆనుకొనిన వారి భుజములకు పొడిగా నంటుకొనును. పాతకాలపు పనివారు గోడను ముందుగా నీళ్లతో దడిపి, పలుచని పూతలుగా వెల్ల వేయుట యిందులకే. కొన్నిటికి త్వరగా ఆరుటయే దోషము.

త్రాసు చెప్పిన దానిని గుడ్డతోడను బరీక్షించితిమి. జాజు పలకను తడిగుడ్డతో దుడువగా రంగంతయు వచ్చెను. నీరు పోయి బంక మిగిలినదే గాని బంక మారలేదు. డ్యూకో పలకను దాని ద్రావకములో ముంచిన గుడ్డతో దుడువగా నదియు గరిగెను. అసలు డ్యూకో యను రంగు 1923వ సంవత్సరమున అమెరికాలో మోటారు బండ్ల నిమిత్తము వెలువడినది. అంతకు పూర్వము బండ్లకు వేయు నూనె వార్నీషు పూతలు ఆరుటకు వారములు పట్టెడిది. ద్రావకము పోయిన చాలును గనుక డ్యూకో గంటలలో నారెను. అవిసె నూనె పలకనైతే తడిగుడ్డ గాని టర్పెంటైను గుడ్డ గాని కరిగింపలేకపోయెను. ముడిపడిన వల మరల ద్రవము గాదు. కావున “ఆరుట” యని మనమొక్క మాటతో జెప్పునది నిజమునకు రెండు పనులు: కొన్ని రంగులు తమలో నున్నదానిని విడిచి యారును, కొన్ని గాలిలో నున్నదానిని గైకొని యారును. మొదటివి మరల గరుగవచ్చును, రెండవవి మారిపోయినవి.

ఇంతవరకు జెప్పినది వినోదమునకు మాత్రమే గాదు. ఇందువలన ఇంటింట నుపయోగపడు హెచ్చరికలు రెండు గలవు.

మొదటిది: నూనె ప్రాణవాయువును గైకొనునపుడు వేడి పుట్టును. గాజు పలకపై నా వేడి గాలిలో గలిసిపోవును. కాని అవిసె నూనెతో దడిసిన గుడ్డలను ముద్దగా జుట్టి మూలను బడవేసినచో, లోపలి వేడి బయటకు బోవు దారి లేక పెరిగి పెరిగి, నిప్పు సోకకుండగనే గుడ్డలు మండవచ్చును. వడ్రంగి కొట్టములలో నిట్టి యగ్నిప్రమాదములు లోకమంతట జరిగియున్నవి. కావున ప్రయోగము కాగానే గుడ్డలను విప్పి బయట నొక్కొక్కటిగా నారవేయవలెను, లేదా నీరు నింపిన రేకు డబ్బాలో నుంచవలెను. డ్యూకోను దాని ద్రావకమును కిటికీలు దెరచిన గదిలో, దీపమునకును పొయ్యికిని దూరముగా, పెద్దల సమక్షమున మాత్రమే వాడవలెను.

రెండవది: చేతికంటనంత మాత్రమున రంగు నిరపాయకరమని తలపరాదు. నూనె రంగులు త్వరగా నారుటకై పూర్వము సీసపు లవణములను విరివిగా గలిపెడివారు. తెలుపు, పసుపు, ఎఱుపు రంగుల పొడులలోను సీసముండెడిది. ఆరిన సీసపు రంగు రేణువులుగా రాలి పసిపిల్లల నోటిలో జేరినచో మెదడు పెరుగుదలకు హానికలుగును. అందుచేత మన ప్రభుత్వము 2016వ సంవత్సరమున నియమములు చేసి, ఇండ్లకును అలంకారమునకును వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లను మించరాదని, 2017 నవంబరు 1వ తేదీనుండి యమలుపరచెను. తలిదండ్రులు రంగు కొనునపుడు డబ్బాపై సీసమును గూర్చి వ్రాసినది చదువవలెను. పాత రంగు ఊడుచున్న ఉయ్యాలను గాని బొమ్మను గాని పసిబిడ్డ చేతికియ్యరాదు.

ఇప్పుడు నిర్మల్ పనివాని మాటను మరల దలంచుకొందము. అతని బొమ్మలో చింతగింజల ముద్దయు మన్నును నీటిని విడిచి యారునవి. ఆ నీరు పోకముందే పైని దట్టమైన రంగు వేసినచో, లోపల జిక్కిన తేమ పొరను పొక్కులుగా లేపును. ఎనామెలు రంగు గాలిని గైకొని యారునది. దాని పైపొర మాత్రమే గట్టిపడి లోపల మెత్తగా నున్నపుడు మఱియొక పూత వేసినచో, ముడుతలు పడి చిత్రమంతయు జెడును. కాబట్టి యొకచోట వెలుపలికి బోవువానికి దారి యియ్యవలెను, మఱియొకచోట లోనికి వచ్చువానికి వ్యవధి యియ్యవలెను. “ఆరుట కూడ పనియే” యని యతడన్న మాట యక్షరాల నిజమని మా త్రాసు చెప్పినది. అతడు దానిని వ్రేలి కొనతో నెరిగియుండెను. మేము ఆరు పలకలతో నెరిగితిమి.

ఈ ప్రయోగమున నింక జేయవలసిన పని చాల గలదు. శీతకాలమున ఆదిలాబాదులో చలి మిక్కుటము. వేసవియందు రామగుండములో నెండ ప్రసిద్ధము. ఒకే రంగును ఒకే మందముగా బూసి, పుష్యమాసమున నొకమారు, వైశాఖమున నొకమారు, వానలు కురియు శ్రావణమున నొకమారు తూచి చూడుడు. వానకాలమున జాజు రంగెంత యాలస్యముగా నారునో, చలిలో అవిసె నూనె యెన్ని దినములు మెత్తగా నుండునో మీ పుస్తకమే మీకు జెప్పును. ఆముదము, పల్లినూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె వీనిలో నేది యారును, ఏది యారదు అని మీ వంటింటి నూనెలతో బరీక్షింపుడు. ఏమియు బూయని పలక నొకదానిని ప్రక్కన నుంచుట మాత్రము మరువకుడు.

మా తరగతి పుస్తకములో మూడవ దినపు అంకె యిప్పటికిని దిద్దబడక యట్లే యున్నది. దాని క్రింద ఆ బాలుడు తరువాత, “ఇది తప్పని తలచితిని, తప్పు కాదు” అని వ్రాసికొనినాడు. ఈ సంవత్సరపు పరీక్షలలో వానికెన్ని మార్కులు వచ్చునో నేనెరుగను గాని, ఆ యొక్క పంక్తికి మాత్రము నేను పూర్తి మార్కులు వేసితిని.